పొడుపు విప్పుటయా, కడపటి పుట తిరుగవేయుటయా?

మన సంచిక వెలువడినంతనే విద్యార్థులు మొట్టమొదట తెఱచు పుట యేది యని యెవరైన నడిగిన, సంపాదకీయమని చెప్పుటకు మాకు ధైర్యము చాలదు. ఆటల జట్టుల ఛాయాపటములు మొదటివి. వినోద పుట రెండవది. ఆ వినోద పుటలోని యక్షరపు పొడుపులను చదివి, ఊపిరి తీసికొనునంతలో కడపటి పుటకు బోయి, అచ్చట తలక్రిందులుగా నచ్చువేసిన జవాబులను చూచి, "ఓహో, ఇంతేనా" యని సంచికను మూసివేయువారే పెక్కుమంది. ఈ యాచారమును గూర్చి, తెలుగు పాఠములు చెప్పువారమగుటచేత, కొంత ప్రసంగింపదలచితిమి. మా యభిప్రాయమును ముందే చెప్పివేయుదుము. ఆ తలక్రిందుల జవాబులను ఇకమీదట నచ్చువేయరాదు. పొడుపును విప్పినవాడు తాను విప్పిన త్రోవను చెప్పవలయును. త్రోవ చెప్పనిదే జవాబు చెల్లరాదు. సంపాదకులు మమ్ము మన్నింతురు గాక.

అక్షరపు పొడుపు వేఱు, అవ్వ చెప్పు పొడుపు కథ వేఱు. అవ్వ పొడుపు కథ వస్తువును దాచును. దీపమో, పొగయో, కొబ్బరికాయయో తన యాకారముచేతను చేష్టచేతను మఱియొకదానివలె మనకు గనబడును. అక్షరపు పొడుపున దాగునది వస్తువు కాదు, మాట; దానిని దాచునది దాని వ్రాతయే. ఒక యక్షరము తీసిన నేమగును, చేర్చిన నేమగును, దీర్ఘమిచ్చిన నేమగును, వెనుకనుండి చదివిన నేమగును అని యడుగుట దీని పద్ధతి. ఇది పాశ్చాత్యుల పత్రికలనుండి మనకు దిగుమతియైనదని కొందఱనుకొందురు. అది సరికాదు. 7వ శతాబ్దివాడగు బాణభట్టు తన కాదంబరిలో శూద్రక మహారాజు ప్రొద్దుపుచ్చు వినోదములను చెప్పుచు, అక్షరచ్యుతకము, మాత్రాచ్యుతకము, బిందుమతి, ప్రహేళిక యను వానిని పేర్కొనెను. అక్షరము జాఱవిడుచుట మొదటిది. గుణింతపు గుర్తును జాఱవిడుచుట రెండవది. బిందుమతి యనగా హల్లులకు మాఱుగా చుక్కలు పెట్టి, గుణింతపు గుర్తులు మాత్రము నిలిపి, పద్యమును పోల్చుకొమ్మనుట. దండి కావ్యాదర్శమున ప్రహేళికలను 16 విధములుగా విభజించెను. తిరుపతి వేంకట కవులు ఊరూర ప్రచారము చేసిన యవధానములందును, వాక్యములోని యక్షరములను వరుస తప్పించి యొకటొకటిగా నందించు వ్యస్తాక్షరియు, ఫలాని యక్షరము వాడరాదని యడ్డుపెట్టు నిషిద్ధాక్షరియు గలవు. కావున మన వినోద పుటకు మంచి వంశవృక్షమే యున్నది. దానిని కడపటి పుటలో తలక్రిందులుగా వ్రేలాడదీయుట మాకు నచ్చలేదు.

గ్రంథముల మాట యటుంచి మన యూళ్ల పేళ్లనే తీసికొందము.

మదనపల్లెలో నక్షరములైదు. రెండవదానిని తీసివేయుడు. "మనపల్లె" మిగులును. అక్షరచ్యుతకమునకు ఇంతకంటె చక్కని యుదాహరణము మాకు దొరకలేదు. "జలద" మను మాటలోవలె "ద" యనునది సంస్కృతమున ఇచ్చునది యను నర్థము గలది. ఇచ్చివేసిన పిదపనే యా యూరు మనదైనదని యొక వ్యాఖ్యానము కూడ చేయవచ్చును గాని, అది మా చాపల్యము. పొడుపులో భాగము కాదు.

పుంగనూరున నక్షరములు నాలుగు. "ఏ యూరి చివర నూరు కనబడును?" అని యొక విద్యార్థి యడిగెననుకొందము. "ఏ యూరి చివర ఊరు దాగియుండును?" అని రెండవవాడడిగెననుకొందము. రెండింటికిని జవాబొక్కటే. కాని మొదటిదానికి కన్నులుండిన చాలును. రెండవదానికి సంధి తెలియవలయును. "పుంగన" యొక్క చివరి యకారము లోపించి, "ఊరు" లోని ఊకారము నకారము నెక్కినది. అకార సంధి సూత్రమును పదిమార్లు వల్లించియు దాని ప్రయోజనమెఱుగని పిల్లవానికి, ఆ దాగిన యూరు బయటపడిన క్షణమున సూత్రము తన సొంతమగును.

కుప్పమున నక్షరములు మూడే. చివరిది తీసిన "కుప్ప". ద్విత్వమును విడదీసి యొక పకారమును తీసివేసి, ఆ కొఱత తీర మొదటి యక్షరమునకు దీర్ఘమిచ్చిన "కూపము". అనగా ధాన్యము రాశిపోసిన చోటనే బావి పడినది! ఇందులో మఱియొక చమత్కారము గలదు. "కుప్పము" భగణము, "కూపము" కూడ భగణమే. ద్విత్వాక్షరము తనకు ముందున్న హ్రస్వమును గురువు చేయును. దీర్ఘము తనంతట తానే గురువు. పోయిన పకారపు బరువును వచ్చిన దీర్ఘము సరిగా తూచి చెల్లించినది. గురులఘువుల పాఠమున కునుకుపాట్లు పడు తరగతికి మేము దీనినే నల్లబల్లపై వ్రాయుదుము.

ఇట్టి యాటయందు ముందుగా తేల్చుకొనవలసినది "అక్షరమనగా నేమి" యను ప్రశ్న. ఇంగ్లీషువారి పొడుపు వారి లిపిలోని యొక్కొక్క గుర్తును లెక్కించును. మనది హల్లును అచ్చును గలిపి యొక్కటిగా లెక్కించును. "వికటకవి" యను మాటను ఎటునుండి చదివినను వికటకవియే. దానినే ఇంగ్లీషు లిపిలో వ్రాసి వెనుకనుండి చదువుడు. నోరు తిరుగని యేదో మాట వచ్చును. "మలయాళం" ఇందుకు విరుద్ధము. ఇంగ్లీషు లిపిలో నది ఎటు చదివినను నొక్కటే. తెలుగున "ళంయాలమ" యగును. అక్షరక్రీడ తాను పుట్టిన లిపిని విడిచి పోజాలదు. మన మిషను పాఠశాలల పిల్లలు దీనికి సాక్ష్యమును ప్రతిదినమును చేతబట్టుకొనియే యున్నారు. 119వ కీర్తన హెబ్రీ భాషలో 22 అక్షరముల వరుసను 22 భాగములుగా, భాగమునకు 8 వచనముల చొప్పున 176 వచనములుగా రచింపబడినది. ఒక్కొక్క భాగములోని వచనములన్నియు నొకే యక్షరముతో మొదలగును. మన తెలుగు బైబిలున ఆలెఫ్, బేత్ అను శీర్షికలు మిగిలినవి, చమత్కారము మిగులలేదు. యిర్మీయా గ్రంథమున "షేషకు" అను నెవరును వినని రాజ్యపు పేరున్నది. హెబ్రీ అక్షరమాలలో మొదటిదానికి చివరిదానిని, రెండవదానికి చివరనుండి రెండవదానిని మార్చుకొనుచు పోయిన, "బాబెలు" అను పేరే షేషకు అగును. ఇది యెఱుగనివాడు భూగోళ పటమున షేషకును వెదకుచునే యుండును.

పాశ్చాత్యుల గళ్ల పొడుపు 1913వ సంవత్సరము డిసెంబరు 21వ తేదీన న్యూయార్కు పత్రికయొకదానిలో ఆర్థర్ విన్ అనునతడు మొదటిసారి ప్రకటించినది. దానిని తెలుగునకు తెచ్చినవారు గడికొక యక్షరముంచుట సరియైన నిర్ణయము. కాని కష్టమును చూడుడు. వారి గడిలో పట్టునవి 26 గుర్తులు. మన గడిలో కకారమొక్కటియే గుణింతముతో పదునైదు రూపములు దాల్చును; వత్తులు చేరిన లెక్కయే లేదు. అడ్డముగా "కి" యున్నచోట నిలువుగా "కీ" చెల్లదు. ఈ కష్టమే దాని విలువ. "కిటికీ" యని చివర దీర్ఘముతో వ్రాయువానికి ఆ మాట రెండువైపుల నొకటి కాదు. "కిటికి" యని వ్రాయువానికి ఒకటియగును. "ముఖము" ఎటునుండి చదివినను ముఖమే. "ముఖం" అని సున్నతో వ్రాసిన మోము తిరిగిపోవును. వర్ణక్రమముపట్ల నిర్లక్ష్యము గలవానిని ఉపన్యాసముతో మార్చుట కష్టము. గడి నిండకపోయిన తానే దిద్దుకొనును.

వెనుక చెప్పిన పుంగనూరు పొడుపునందును నిట్టి చిక్కొకటి యున్నది. తెలిసియే యచ్చట దాటివేసితిమి. పూర్వుల వ్రాతలో వందకు పేరు "నూఱు", శకటరేఫముతో. ఊరి చివరనున్నది సాధురేఫము. అనగా పాత లెక్క ప్రకారము ఆ నూరు నకిలీ నాణెము! అట్లే "కరి" యన నేనుగు, "కఱి" యన నలుపు. "వాఁడు" మనుష్యుడు, "వాడు" పువ్వు చేయు పని. నేటి పాఠ్యపుస్తకములనుండి అరసున్నయు బండిఱాయు దాదాపుగా సెలవు తీసికొన్నవి. మేమును అరసున్నను విడిచితిమి. ఱకారమును మాత్రము విడువలేక వ్రాయుచుండ, పిల్లలు నవ్వుచున్నారు. నవ్వనిండు. వానిని తిరిగి తెమ్మని మా వాదము కాదు. పొడుపు పొడుచువాడు ఏ వ్రాతను బట్టి పొడుచుచున్నాడో ముందు చెప్పవలయును, అంతియే.

ఇక ఈ విషయమును వ్రాయుటకు మమ్ము పురికొల్పిన యసలు కారణమునకు వత్తుము. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల తరగతులలో కూర్చున్న పిల్లలందఱి యింటి మాటయు తెలుగు కాదు. కుప్పమునకు రెండు ప్రక్కల సరిహద్దులే. అరవము, కన్నడము వీధిలోనే వినబడును. పుంగనూరున, మదనపల్లెలో ఉర్దూ మాటలాడు నిండ్లు పెక్కులు. ఈ పిల్లలు ఉక్తలేఖనమున తప్పులు వ్రాయుదురు. ఎఱ్ఱసిరా గీతలు పడును. కొన్నాళ్లకు తెలుగు తమది కాదని తలవంచుకొందురు. ఈ తలవంపును తీర్చుటకు అక్షరపు పొడుపువంటి సాధనము మఱియొకటి మేము చూడలేదు. ఎట్లందురా? తమిళ లిపిలో కకార గకారములకు నొక్కటే గుర్తు. చోటునుబట్టి ధ్వని మాఱును. కావున అరవపు టింటి బాలుడు "బడికి" బదులు "పడికి" యని వ్రాయును. వానికి తప్పని చెప్పుటకు మాఱుగా ఈ పొడుపు నిండు: "పరుషముతో మొదలైన గ్రుచ్చుకొందును, సరళముతో మొదలైన మోసికొనిపోదును." కంప, గంప. ఆ రెండు ధ్వనుల భేదమే తాళపుచెవి. వినకతప్పదు, వినిన పిదప మఱచుట కష్టము. ఉర్దూ యింటి బాలికకు లకార ళకారములు నొక్కటిగా వినబడును. "లకారమున్న నిదురలో వత్తును, ళకారమున్న మొగమున నుందును." కల, కళ.

అంతేకాదు. ప్రతి యింటినుండియు నొక్కొక్క నేర్పు వచ్చును. "ఒత్తు లేనిది తూకము, ఒత్తున్నది తినుటకు" అను పలము, ఫలముల పొడుపును ఉర్దూ యింటి పిల్ల మన తెలుగుటింటి పిల్లలకంటె ముందు విప్పును. ఒత్తులు పలుకుట దాని నోటికి పుట్టుకతో వచ్చినది, మనవారు పలుమార్లు మ్రింగివేయుదురు. అరవపు బాలుడు లకార ళకారములలో నెన్నడును తడబడడు; వాని భాషలో "పులి" యన వ్యాఘ్రము, "పుళి" యన చింతపండు, తడబడిన వంటయింట నవ్వులపాలగును! కన్నడపు టింటి పిల్లవానిని, "ఏ యక్షరము మార్చిన మన పులి సరిహద్దు దాటును?" అని యడుగుడు. హులి యని వెంటనే చెప్పును. పాలు హాలగుటయు, పల్లె హళ్ళియగుటయు తానే చేర్చును. 1997లో కుప్పమున వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయమున పండితులు పరిశోధించు వర్ణముల మార్పు, ఆఱవ తరగతి పిల్లలకు ఆటగా చిక్కుచున్నది. తరగతిలో వెనుక బల్లనున్న వాడు నల్లబల్ల యొద్దకు వచ్చి, మిగిలినవారికి వివరించు దినమును మేము కోరుచున్నాము.

కడపటి పుటలోని జవాబు ఆ దినమును రానీయదు. ఒక చిన్న పరీక్ష చేయుదము. "నాలుగక్షరములు, తల తీసిన విషము." కడపటి పుట "సాగరము" అని చెప్పును; సా తీసిన గరము, విషము. సముద్రమును చిలుకగా విషము పుట్టిన కథకును సరిపోయినది. బాగుగనే యున్నది. కాని యొక పిల్లవాడు "నగరము" అనెను. మఱియొకతె "జాగరము" అనెను. వీరిది తప్పా? లెక్క కుదిరినది, తల తీసిన మిగిలినది గరమే. అచ్చు జవాబు నొక్కటియే సరియనుచున్నది. అక్షరములు మూడును సరియనుచున్నవి. మేము అక్షరముల పక్షము. త్రోవ చెప్పించిన ముగ్గురును గెలుతురు; పొడుపు పొడిచినవాడు తన ప్రశ్నయందలి లోపమును తెలిసికొని, "అలలు గలది" యని యొక మాట చేర్చును. జవాబు పుటను బట్టి తీర్పుచెప్పిన ఇద్దఱు తెలివిగలవారు నిష్కారణముగా నోడిపోవుదురు.

ఇది చిన్న విషయమని కొట్టివేయరాదు. ఈ దోషమే పెరిగి పెద్దదియై మన యిరుగునకే వచ్చిన చరిత్రయున్నది. మనకు సమీపమున బెంగుళూరున అచ్చగు "స్పోర్టింగ్ స్టార్" అను వారపత్రిక ద్వారా ఆర్.ఎం.డి.సి. గళ్ల పొడుపుల పందెములు నడచెడివి. ఇట్టి పందెములలో ప్రవేశ రుసుము చెల్లించి పూరణము పంపవలయును. నిర్వాహకులు ముందే సిద్ధపఱచుకొన్న పూరణముతో సరిపోయిన బహుమానము. గడిలో రెండు మాటలును చక్కగా నమరుచుండిన, ఏది గెలుచునో విద్య చెప్పదు, అదృష్టము చెప్పును. 1955లో పార్లమెంటు బహుమాన పందెముల చట్టము చేసి, నెలకు బహుమానముల మొత్తము 1000 రూపాయలకును, పందెమొకదానికి పూరణముల సంఖ్య 2000కును మించరాదని కట్టడి చేసినది. 1957లో సుప్రీము కోర్టు, అదృష్టముపై నాధారపడు పందెములు జూదమే యనియు, నేర్పుపై నాధారపడువానికి ఈ చట్టము వర్తింపదనియు తీర్పుచెప్పినది. న్యాయమూర్తులు గీచిన యా గీతయే మేము వినోద పుటలో గీయుమనుచున్నది. మూసిన కవరులోని జవాబును ఊహించుట జూదము; త్రోవ చూపుట విద్య. అందుచేతనే వార్షికోత్సవమున పొడుపులకు రొక్కపు బహుమతి వలదని కూడ మా మనవి. రొక్కమున్నచోట త్రోవ నెవరడుగుదురు?

మన తెలుగు బైబిలున సమ్సోను కథలో ఇది "విప్పుడు కథ" యని పిలువబడినది. పేరు చక్కనిది, ముడిని విప్పవలయును గాని కోయరాదు. తిమ్నాతున పెండ్లి విందులో 30 మంది చెలికాండ్రకు సమ్సోను పందెమువేసి పొడుపు పొడిచెను. వారు విప్పలేక, అతని భార్యను బెదిరించి జవాబు రాబట్టిరి. జవాబు సరియైనదే, దాని ఫలముగా అష్కెలోనున 30 మంది ప్రాణములు పోయినవి. ఆ పొడుపు మాత్రము న్యాయమైనదా? సింహపు కళేబరములోని తేనె సమ్సోనొక్కనికే తెలిసిన రహస్యము. మాటలలో దానికి త్రోవ లేదు. త్రోవలేని పొడుపును పొడుచువాడును సగము దోషియే యని మేము తలంతుము.

మా ప్రతిపాదనకు ఆక్షేపణలు లేకపోలేదు. పబ్లికు పరీక్షలు ముంగిటనుండగా ఈ యాటలేల యని తల్లిదండ్రులడుగుదురు. సంధులు, గణములు, పరుష సరళములు ఆ పరీక్షలోనివే యని పైన చూపితిమి, అంతకంటె వాదింపము. జవాబు లేకున్న చిన్న తరగతుల పిల్లలు విసిగి విడిచివేయుదురన్నది ఇంతకంటె బరువైన యాక్షేపణ. ఇందు నిజమున్నది. వారి కొఱకు జవాబునకు మాఱుగా మెట్లు అచ్చువేయవచ్చును: మొదటి మెట్టున అక్షరముల లెక్క, రెండవ మెట్టున నొక యక్షరము, మూడవదానిలో అర్థము. మెట్లెక్కినవాడును ఎక్కినవాడే. సెల్ ఫోనులో నడిగిన జవాబు నిమిషములో వచ్చుచుండగా పుటనుండి తీసివేసి యేమి ప్రయోజనమని పెద్ద తరగతులవారు నవ్వుదురు. వారికి మా సమాధానమొక్కటే: ఫోను చెప్పిన జవాబును తీసికొని నల్లబల్ల యొద్దకు రమ్ము, ఏ యక్షరమెందుకు తీసితివో, ఏ సంధి యెచ్చట విడదీసితివో, నీ ప్రక్కవాని రెండవ జవాబు ఎందుకు చెల్లదో చెప్పుము. చెప్పగలిగిన ఫోనునకును నీకును మా నమస్కారము.

కావున రాబోవు సంచికకు పొడుపులు పంపువారు వానిని తామే కట్టి పంపవలయును. పాత సంచికలనుండి ఎత్తివ్రాసినవి పనికిరావు. ఏ వ్రాతను బట్టి కట్టిరో, అక్షరములు ఎన్నియో తెలుపవలయును. విప్పినవారు త్రోవను నాలుగు పంక్తులలో వ్రాసి తెలుగు ఉపాధ్యాయుల కందజేయవలయును. చక్కని త్రోవలను, జవాబులు వేఱైనను, విప్పినవారి పేరులతో అచ్చువేయుట మంచిది. మొదలుపెట్టుటకు మేమే యొకటి పొడుచుచున్నాము.

మూడక్షరముల వస్తువు. మన పెద్దలందఱును దానిమీదనే ఓనమాలు దిద్దిరి. కుడినుండి యెడమకు చదివిన, దాని చుట్టును బిగించు చట్రము దేనితో చేయుదురో తెలియును.

జవాబు ఈ సంచికలో నెచ్చటను లేదు.